‘చాలాసేపు’ అంటే ఎంతసేపు?

1991 ఫిబ్రవరి 25 రాత్రి, గల్ఫ్ యుద్ధ సమయంలో, ఇరాక్ ప్రయోగించిన స్కడ్ క్షిపణి సౌదీ అరేబియాలోని దహ్రాన్‌లో అమెరికా సైనికుల బసపై పడింది. 28 మంది చనిపోయారు. దాన్ని గాలిలోనే అడ్డుకోవాల్సిన పేట్రియాట్ వ్యవస్థ ఒక్క క్షిపణినీ వదలలేదు.

కారణం ఒక చిన్న లెక్క. పేట్రియాట్‌లోని గడియారం కాలాన్ని సెకనులో పదో వంతు చొప్పున లెక్కపెట్టేది. మనం సులువుగా 0.1 అని రాసే ఈ సంఖ్య, కంప్యూటర్ వాడే ద్విసంఖ్యామానంలో అంతు లేకుండా సాగుతుంది. మూడో వంతును మనం 0.333... అని రాసుకుంటూ పోయినట్టే. పేట్రియాట్ కంప్యూటర్ దాన్ని 24 బిట్ల దగ్గర కత్తిరించింది. ఒక్కో లెక్కింపులో వచ్చే తేడా సెకనులో కోటో వంతు కన్నా తక్కువే. కానీ ఆ యంత్రం అప్పటికి 100 గంటలకు పైగా ఆగకుండా నడుస్తోంది. తేడా పేరుకుని సుమారు 0.34 సెకన్లయింది. సెకనుకు 1,676 మీటర్ల వేగంతో వచ్చే స్కడ్ ఆలోపు అర కిలోమీటరుకు పైగా దాటేస్తుంది. రాడార్ దాన్ని లేని చోట వెతికింది.

విషాదం ఏమిటంటే, ఈ లోపం అప్పటికే తెలుసు. ఫిబ్రవరి 11న ఇజ్రాయెల్ నుంచి అమెరికా సైన్యానికి సమాచారం అందింది: వరుసగా 8 గంటలు నడిచాక, రాడార్ లక్ష్యం కోసం చూసే పరిధి 20 శాతం పక్కకు జరుగుతోంది. ఎంతసేపు నడిపారో, ఎంత తేడా వచ్చిందో అందులో ఉంది. ఫిబ్రవరి 16 నాటికి ఇంజనీర్లు సాఫ్ట్‌వేర్‌ను సరిచేశారు. అది చేరేలోగా, 21న దళాలకు ఒక హెచ్చరిక వెళ్లింది: చాలాసేపు నడిపితే తేడా రావచ్చు. ఎంతసేపో అందులో లేదు. యంత్రాన్ని ఆపి మళ్లీ ఆన్ చేస్తే గడియారం సున్నా నుంచి మొదలయ్యేది. ఎన్ని గంటలకోసారి అలా చేయాలో దహ్రాన్‌లో ఎవరికీ తెలియలేదు. సరిచేసిన సాఫ్ట్‌వేర్ అక్కడికి 26న, ఒక రోజు ఆలస్యంగా చేరింది.

మన సాంకేతిక సమస్యల్లో ప్రాణాలు పోకపోవచ్చు, కానీ సూత్రం అదే. ‘నా ప్రోగ్రాం తప్పు చూపిస్తోంది, సాయం చేయండి’ అంటే, ఎంత తెలిసినవారైనా ఎదురు ప్రశ్నలే వేయాలి. ‘పైథాన్‌లో 0.1 + 0.2 అని ఇచ్చాను. 0.3 రావాలి. 0.30000000000000004 వచ్చింది’ అని అడిగి చూడండి. ఇది కూడా ఆ 0.1 తెచ్చిన చిక్కేనని తెలిసినవారు వెంటనే చెప్పేస్తారు.

అంటే ఏం చేశారు, ఏం రావాలి, ఏం వచ్చింది అనే మూడూ ప్రశ్నలో ఉండాలి. తెరపై కనిపించిన ఎర్రర్ సందేశాన్ని సొంత మాటల్లో కాకుండా ఉన్నదున్నట్టు ఇవ్వాలి. వెయ్యి లైన్ల ప్రోగ్రాం పంపేకన్నా, అదే తప్పు వచ్చే నాలుగు లైన్లు విడదీసి చూపితే మేలు. అలా విడదీస్తుండగానే జవాబు దొరకడమూ మామూలే. మీ అనుమానాన్ని చెప్పండి, కానీ అది అనుమానమేనని చెప్పండి.

పంపే ముందు ప్రశ్నను ఒకసారి చదువుకోండి. ‘చాలాసేపు’, ‘కొంచెం’, ‘అప్పుడప్పుడు’ లాంటి మాటలు కనిపిస్తే అక్కడ ఆగండి. ‘అప్పుడప్పుడు ఆగిపోతోంది’ అనే చోట ‘పదిసార్లు నడిపితే మూడుసార్లు ఆగింది’ అని రాయండి.