కట్టిన తరువాతనే తవక్కుల్

గాండ్లపెంట, తలుపుల, నంబులపూలకుంట మండలాల పల్లెలలో ఒకప్పుడు ప్రొద్దు గూకిన తరువాత రైతు చేసే చివరి పని ఎద్దులను కొట్టంలో గూటాలకు కట్టివేయడం. కొందరు అక్కడే మంచం వేసుకొని పడుకునేవారు. ఇప్పుడు చాలా ఇండ్లలో ఎద్దులు లేవు, వాటి స్థానంలోకి మోటారు సైకిలు వచ్చింది. కదిరి నుండి అంగడికి సరుకు తెచ్చేది అదే. ఊరూరా తిరిగి బట్టలూ, గాజులూ, ప్లాస్టిక్ సామానూ అమ్ముకునే మన సోదరులకు అన్నం పెట్టేది అదే. నడిరాత్రి జ్వరంతో కాలిపోయే బిడ్డను ఆసుపత్రికి చేర్చేదీ అదే. అయినా ఎద్దుకు జరిగిన కాపలా బండికి జరగడం లేదు. రాత్రంతా అది వాకిటి బయట, వీధి దీపం కూడా లేని చోట, ఒంటరిగా నిలిచి ఉంటుంది.

జుమా నాడు ఏ మస్జిదు ముందరనైనా నిలిచి చూడండి. ఖుత్బా మొదలైనదని త్వరపడి వచ్చినవారు బండిని గోడవార నిలిపి లోపలికి నడుస్తారు. కొన్నింటికి హ్యాండిల్ లాక్ వేసి ఉండదు. కొన్నింటికి బీగంచెవి కూడా అక్కడే వ్రేలాడుతూ ఉంటుంది. ఇదేమని అడిగితే, “అల్లాహ్ ఇంటి ముందర ఎవడు ముట్టుకుంటాడు లే భాయ్!” అన్న సమాధానం వస్తుంది. ఈ మాటలో భక్తి ఉన్నది, మేము కాదనము. కానీ దైవప్రవక్త (స) జీవించి ఉన్న కాలంలోనే, మస్జిదులోనే దొంగతనం జరిగిన సంగతి హదీసు గ్రంథాలలో నమోదై ఉన్నది. హజ్రత్ సఫ్వాన్ బిన్ ఉమయ్య (రజి) మదీనాకు వచ్చి, మస్జిదులో తన దుప్పటిని తలక్రింద పెట్టుకొని నిద్రించారు. దొంగ దానిని లాగివేశాడు. ఆయన వానిని పట్టుకొని దైవప్రవక్త (స) సన్నిధికి తీసుకువెళ్ళారు. తీరా శిక్ష ఖరారయ్యాక సఫ్వాన్ (రజి) మనసు కరిగి, ఆ దుప్పటిని వానికే దానం చేస్తున్నానన్నారు. ఆ క్షమాపణ ఏదో తన వద్దకు తీసుకురాక ముందే ఎందుకు ఇవ్వలేదని దైవప్రవక్త (స) ప్రశ్నించారు.

ఈ ఉదంతం నుండి ధర్మవేత్తలు తీసిన విషయం మన బండికి సూటిగా వర్తిస్తుంది. న్యాయశాస్త్రంలో ‘హిర్జ్’ అనే పదం ఒకటి ఉన్నది. ఒక వస్తువును దానికి తగిన భద్రమైన చోట, తగిన కాపలాలో ఉంచడం అని దాని భావం. నగకు పెట్టె, ధాన్యానికి గాదె, పశువుకు కొట్టం. ఏది తగిన భద్రత అన్నది ఆ వస్తువును బట్టి, ఆ ప్రాంతపు ఆచారాన్ని బట్టి నిర్ణయమవుతుంది. సఫ్వాన్ (రజి) దుప్పటి బహిరంగ స్థలంలో ఉన్నా, యజమాని తల దానిపై ఉన్నది గనుక అది కాపలాలో ఉన్న సొత్తే. హిర్జ్ లేని చోట నుండి తీసిన వస్తువు విషయంలో దొంగతనపు నిర్ణీత శిక్ష వర్తించదని అత్యధిక ధర్మవేత్తల అభిప్రాయం. దొంగ చేసింది పాపం కాకుండా పోదు, వేరే దండన తప్పదు; అయితే సొత్తును కాపాడుకునే బాధ్యతను షరీఅత్ యజమాని మీద కూడా ఉంచింది. ఒంటెను కట్టి నమ్ముకోవాలా, విడిచి నమ్ముకోవాలా అని అడిగిన మనిషికి, ముందు కట్టి ఆపైన అల్లాహ్ పై భారం వేయమని దైవప్రవక్త (స) ఉపదేశించిన సంగతి (తిర్మిజీ) మన పిల్లలకు కూడా తెలుసు. బండి దగ్గరకు వచ్చేసరికి పెద్దలమే దానిని మరచిపోతున్నాము.

కట్టడమంటే ఇక్కడ ఏమిటో కొంచెం వివరంగా చూడాలి. బండితో పాటు వచ్చే హ్యాండిల్ లాక్ లోపల ఉండేది ఒక చిన్న ఇనుప కడ్డీ. అది చట్రంలోని గాడిలోకి దిగి హ్యాండిల్‌ను ఒక ప్రక్కకు బిగించి ఉంచుతుంది. బలం ఉపయోగిస్తే అది ఎక్కువ సేపు ఆగదు. ఇక బీగంచెవి చేసే పని కొన్ని తీగలను కలపడం, విడదీయడం మాత్రమే. పది పన్నెండేళ్ళు వాడిన బండిలో ఆ గొళ్ళెం ఎంతగా అరిగిపోయి ఉంటుందంటే, పొరుగువాని చెవి పెట్టినా తిరుగుతుంది. నమాజు తరువాత ఒకరి బండిని మరొకరు పొరబాటున తీసుకుపోవడం ఇందువల్లనే. అటువంటి లాక్‌ను మార్పించడానికి అయ్యే ఖర్చు బండి విలువ ముందర ఏపాటిది?

కనుక రెండవ బీగం ఉండాలి, అది చూడగానే కనిపించాలి. దొంగకు కావలసింది తక్కువ సమయం. ప్రక్కన తేలికగా దొరికే బండి ఉంటే అతడు చైను ఉన్నదాని జోలికి రాడు. అయితే చైనును చక్రానికి మాత్రమే చుట్టి ఊరుకోవడం సగం పని. 100 సీసీ బండి బరువు సుమారు 110 కిలోలు, ఇద్దరు మనుషులు ఎత్తి సరుకుల ఆటోలో వేసుకోగలరు. చైను చక్రంలో నుండి, చట్రంలో నుండి పోయి ఒక స్తంభానికో, కిటికీ ఇనుప కమ్మికో, నేలలో కాంక్రీటు పోసి నిలిపిన గొట్టానికో చుట్టుకోవాలి. బీగం నేలకు ఆనరాదు. నేల మీద ఉంటే సుత్తి దెబ్బకు అదే దాగలి అవుతుంది. డిస్క్ బ్రేకు ఉన్న బండికి డిస్క్ లాక్ మంచిదే గాని, వేసిన సంగతి మరచి బండి కదిలించి పడిపోయేవారు ఉన్నారు. హ్యాండిల్‌కు ఒక రంగు గుడ్డ పీలిక కట్టుకుంటే గుర్తుంటుంది. పాత కార్బురేటర్ బండ్లలో పెట్రోలు కాక్ మూసి ఉంచితే, మిగిలిన కొద్దిపాటి పెట్రోలుతో కొంత దూరం పోయి బండి తానే ఆగిపోతుంది. పొలం గట్టున బండి నిలిపి లోపలికి పోయేవారికి ఖర్చు లేని ఉపాయమిది.

ఇండ్లలో కొట్టం మిగిలి ఉంటే బండిని అందులోకి చేర్చడం కంటె మేలైనది లేదు. మస్జిదుల విషయంలో కమిటీ పెద్దలు కొంచెం ఆలోచించాలి. జుమాకూ, రమజానులో తరావీహ్‌కూ బండ్లు ఒకే వరుసలో, ఒకే వైపు నిలిపి, ఆ వైపు ఒక దీపం వెలిగిస్తే చాలు, చాలా మార్పు ఉంటుంది. పెనుకొండలో బాబా ఫక్రుద్దీన్ దర్గా ఉరుసుకూ, ఈ మండలంలోనే ఉన్న కటారుపల్లెకు వేమన సమాధి చూడటానికీ పోయేవారు జనసమ్మర్దంలో బండి వదలుతారు. అటువంటి చోట డబ్బులు తీసుకొని చీటీ ఇచ్చే స్టాండు ఉంటే, ఆ కొద్ది రూపాయలకు వెనుకాడరాదు.

ఇక బీమా సంగతి. చాలా కుటుంబాలకు తెలియక నష్టం జరుగుతున్నది ఇక్కడే. 2018 సెప్టెంబరు 1 నుండి కొత్త ద్విచక్ర వాహనానికి 5 సంవత్సరాల థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి అయింది. కాగితం మీద 5 సంవత్సరాలని చూసి ఇంటివారు నిశ్చింతగా ఉంటారు. కానీ థర్డ్ పార్టీ బీమా మన వల్ల ఇతరులకు కలిగే నష్టానికే. దొంగతనానికి దానిలో పైసా రాదు. దొంగతనం చేరి ఉండే సొంత నష్టపు భాగం సాధారణంగా ఒక్క ఏడాదిలోనే ముగిసిపోతుంది. బండి పోతుంది, కంతులు మాత్రం నెలనెలా నిలిచి ఉంటాయి. బీమా విషయమై ఉలమాల మధ్య చర్చ ఉన్నదని మాకు తెలుసు. చట్టం విధించిన దానికి మించి తీసుకోవాలా అన్నది మీరు నమ్మే ఆలిమ్‌ను అడిగి తేల్చుకోండి. ఉన్నదనుకొని లేకుండా ఉండవద్దన్నదే మా మాట. తీసుకున్నవారు రెండు చెవులూ భద్రంగా ఉంచాలి, క్లెయిము వేళ రెండింటినీ అడుగుతారు. రెండవ చెవి బీరువాలో, ఆర్‌సీ నకలు దాని ప్రక్కన, ఛాసిస్ నంబరు ఇంటి ఇల్లాలి ఫోనులో ఒక ఫోటోగా ఉండాలి.

బండి పోయిందని రూఢి అయితే ఆలస్యం చేయరాదు. ముందు 112కు ఫోను చేయాలి, వెంటనే పోలీసు స్టేషనుకు పోవాలి. 2024 జులై 1న అమలులోకి వచ్చిన కొత్త చట్టం, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షను ప్రకారం సంఘటన ఏ స్టేషను పరిధిలో జరిగినా సరే, ఫిర్యాదు చేయవచ్చు. ఎఫ్‌ఐఆర్ నకలు ఉచితంగా ఇవ్వాలి. బీమా కంపెనీకి కూడా అదే రోజు తెలపడం మంచిది. ఎఫ్‌ఐఆర్ వెంటనే నమోదై, దొంగతనం నిజమైనప్పుడు, కంపెనీకి తెలపడంలో జరిగిన ఆలస్యం ఒక్కటే కారణంగా క్లెయిము త్రోసివేయరాదని సుప్రీం కోర్టు 2020 జనవరిలో తీర్పు ఇచ్చింది. మరొక మాట. బండి పోయిన రాత్రి ఊరిలో అనుమానాలు పుడతాయి. పని లేని కుర్రవాడో, డేరాలు వేసుకున్న సంచార కుటుంబమో నోళ్ళలో పడుతుంది. ఆధారం లేని అనుమానాన్ని ఖురాన్ (హుజురాత్, 12) వారించింది. దొంగను తేల్చడం పోలీసుల పని, శిక్ష న్యాయస్థానపు పని.

పోయిన బండ్లు ఎక్కడికి పోతున్నాయని మేము తరచు ఆలోచిస్తాము. కొనేవాడు లేనిదే దొంగకు బండితో పని లేదు. కర్ణాటక సరిహద్దు దగ్గరి ఈ ప్రాంతంలో, హిందూపురం మొదలుకొని కదిరి వరకు, కేఏ నంబరు బండిని చూసి ఎవరూ ఆశ్చర్యపడరు. “కాగితాలు తరువాత తెస్తా, ఇప్పుడు సగం ధరకే తీసుకో” అన్నప్పుడు మనలో ఎందరు వెనుకకు తగ్గుతున్నారు? దొంగసొత్తుకు యజమాని మారడు. అది ఎన్ని చేతులు మారినా అసలు మనిషిదే. తెలిసి కొన్నవాడు ఆ పాపంలో భాగస్వామి. దేశ చట్టం కూడా భారతీయ న్యాయ సంహిత 303వ సెక్షనులో దొంగతనానికీ, 317లో తెలిసి దొంగసొత్తు ఉంచుకోవడానికీ ఒకే విధంగా 3 సంవత్సరాల వరకు జైలు విధించింది. ఎంపరివాహన్ యాప్‌లో నంబరు కొట్టి వివరాలను ఆర్‌సీతో పోల్చి చూడటం నిమిషం పని. బండి మీద ఉన్న ఛాసిస్, ఇంజను నంబర్లు కూడా సరిపోవాలి. ఇతర రాష్ట్రపు బండి అయితే అక్కడి రవాణా శాఖ ఇచ్చే నిరభ్యంతర పత్రం కూడా కావాలి.

నిజాయితీగా కొన్నవారు కూడా బండిని తమ పేరుకు మార్చుకోవడంలో అలసత్వం చూపుతున్నారు. కొన్న 30 రోజులలోపు మార్పు కోరాలని మోటారు వాహనాల చట్టం 50వ సెక్షను చెబుతున్నది. పోయిన బండి అదృష్టవశాత్తు దొరికితే అది నేరుగా ఇంటికి రాదు. స్వాధీనపరచుకున్న వాహనాలను స్టేషను ఆవరణలో తుప్పు పట్టనీయక, హామీ పత్రంపై త్వరగా అప్పగించాలని సుప్రీం కోర్టు 2002లోనే ఆదేశించింది. అందుకు న్యాయస్థానంలో అర్జీ పెట్టుకోవాలి. అర్జీతో పాటు అడిగే మొదటి కాగితం ఆర్‌సీ. దాని మీద పాత యజమాని పేరు ఉంటే, ముందు అతడు ఏ ఊరిలో ఉన్నాడో వెదకుకుంటూ పోవలసి వస్తుంది.