పూలగుత్తికి ముప్పాతిక లెక్క

కొత్త మంత్రివర్గం కొలువుతీరిన మర్నాడు ఢిల్లీ బంగళాల ముందు బారులు తీరే అభిమానుల చేతులలో అర్జీల కన్నా పుష్పగుచ్ఛాలే ఎక్కువ. గుచ్ఛం ఎంత పెద్దదైతే భక్తి అంత గాఢమని రాజధానిలో ఒక నమ్మకం. ఆ భక్తిని కొలవడానికి గణిత పాండిత్యం అక్కర లేదు. పత్రికలో అచ్చయిన ఛాయాచిత్రమూ, ఎక్కాల పుస్తకమూ చాలును.

గులాబీలను గుండ్రంగా, ఒత్తుగా కూర్చినప్పుడు నడుమ ఒకటి, దాని చుట్టూ ఆరు, ఆపైన పన్నెండు, ఆపైన పద్దెనిమిది ఇముడుతాయి. మొత్తం 37. నడిమి వరుసలో అడ్డంగా లెక్కిస్తే కనిపించేవి ఏడు. ఏడును ఏడుతో హెచ్చవేసి, అందులో ముప్పాతిక తీసుకుంటే సుమారు 37 వస్తుంది. అయిదు కనిపిస్తే 19, తొమ్మిది కనిపిస్తే 61. పువ్వు అడ్డుకొలత 5 సెంటీమీటర్లనుకుంటే ఏడు పూల గుత్తి వెడల్పు 35 సెంటీమీటర్లు. ఇది బల్లపరుపు గుత్తి సంగతి. బోర్లించిన గిన్నెవలె ఉబ్బెత్తుగా కడితే, వెడల్పు మారకున్నా పూలు పెరుగుతాయి. సరిగా అర్ధగోళమైతే రెట్టింపు పడతాయి.

ఈ లెక్కలో ఒక రాజకీయ సత్యం దాగి ఉన్నది. గుత్తి వెడల్పు రెండింతలు కావాలంటే పూలు నాలుగింతలు కావాలి. పక్కవాని కన్నా రెండింతలు ఘనంగా కనబడదలచిన నాయకుడు నాలుగింతలు వెచ్చించక తప్పదు. ఆ సొమ్ము సొంతమైతే అది ఆయన వేడుక. ప్రభుత్వ ఆతిథ్య పద్దులోనిదైతే అది పౌరుల వ్యవహారం.

2017 జూన్‌లో కొచ్చి సభలో ప్రధాని నరేంద్ర మోదీ గుచ్ఛాలకు బదులు పుస్తకాలు ఇమ్మన్నారు. జులైలో కేంద్ర హోంశాఖ రాష్ట్రాలకు లేఖ వ్రాసింది: ప్రధాని దేశీయ పర్యటనలలో గుచ్ఛాలు వద్దు, మహా అయితే ఒక్క పువ్వుతో పాటు ఖాదీ చేతిరుమాలో, పుస్తకమో ఇవ్వవచ్చును. పదిమంది తలా ఒక ఏడు పూల గుత్తి ఇస్తే 370 గులాబీలు. ఒక్కొక్క పువ్వయితే పదే.

అయితే ఆ మిగిలిన 360 పూల వెనుక తోటమాలి, మండీ కూలీ ఉన్నారు. ఢిల్లీ శివారు గాజీపూర్ మండీకి వచ్చే పూలతో ఎన్నో కుటుంబాలు బ్రతుకుతున్నాయి. కనుక పూలను వెలివేయడం న్యాయం కాదు. ప్రభుత్వ పద్దులో ‘పుష్పగుచ్ఛములు’ అన్న ఒక్క మాటతో సరిపెట్టక, పూల సంఖ్య కూడా వ్రాస్తే చాలును. ఛాయాచిత్రం పక్కన పెట్టుకొని, తక్కిన లెక్క పౌరుడే సరిచూసుకుంటాడు.