మేనమామ పోలిక

ఢిల్లీ మెట్రోలో ఇందర్‌లోక్ స్టేషన్ దగ్గర రెడ్ లైన్, గ్రీన్ లైన్ కలుస్తాయి. మ్యాప్‌లో ఒకటి ఎరుపు గీత, ఇంకొకటి ఆకుపచ్చ. ఆ రెంటికీ తేడా సరిగా తెలియనివాళ్లు కూడా అక్కడ రోజూ రైలు మారుతూనే ఉండి ఉంటారు. గీత పక్కన పేరు రాసి ఉంటుంది కాబట్టి బండి నడిచిపోతోంది.

బస్సు నడిపేవాళ్ల విషయం అంత తేలిక కాదు. ఢిల్లీ ట్రాన్స్‌పోర్ట్ కార్పొరేషన్ 2008లో వర్ణాంధత ఉన్నవాళ్లను వందమందికి పైగా డ్రైవర్లుగా తీసుకుంది. అదెలా జరిగిందని 2024 జనవరిలో ఢిల్లీ హైకోర్టు నిలదీసింది. వైద్య పరీక్ష చేసినవాళ్లు జవాబు చెప్పుకోవాల్సిందే, సరే. అసలు ఈ లోపం మగవాళ్లకు ఎక్కడి నుంచి వస్తుంది? పుట్టుకతో వచ్చిన ఎరుపు-ఆకుపచ్చ వర్ణాంధత అయితే, అమ్మ దగ్గర్నుంచి. ఆ అమ్మకి మాత్రం సాధారణంగా రంగులన్నీ చక్కగానే కనిపిస్తాయి.

ఎరుపును, ఆకుపచ్చను పసిగట్టే కంటి వర్ణకాల జన్యువులు ఎక్స్ క్రోమోజోమ్ చివర పక్కపక్కనే ఉంటాయి. రెండూ కవలల్లా ఉంటాయి. చిక్కంతా ఆ పోలికతోనే. స్త్రీలో అండం తయారయ్యేటప్పుడు రెండు ఎక్స్‌లు ముక్కలు ఇచ్చిపుచ్చుకుంటాయి. అప్పుడు ఒక కవలకు ఎదురుగా రెండో కవల వచ్చి కూర్చుంటే, ఒక ఎక్స్‌లో ఆకుపచ్చ జన్యువు గల్లంతు కావచ్చు, లేదా రెండూ కలిసిన సంకర జన్యువు మిగలవచ్చు. ఒకసారి ఏర్పడిన ఆ లోపం తరాల వెంట దిగుతుంది.

ఆడపిల్లకు ఎక్స్‌లు రెండు, ఒకటి చెడినా రెండోది ఆదుకుంటుంది. మగపిల్లవాడికి ఉన్నది ఒక్కటే, అదీ అమ్మ ఇచ్చిందే. నాన్న కొడుక్కిచ్చేది వై క్రోమోజోమ్. కాబట్టి నాన్న వర్ణాంధత కొడుక్కి దిగదు, కూతురికి మాత్రం ఆ ఎక్స్ తప్పకుండా చేరుతుంది. ఆమె కొడుకుల్లో ఒక్కొక్కరికీ వర్ణాంధత వచ్చే అవకాశం సగం.

అమ్మమ్మ మోసిన ఎక్స్ ఒకటి అటు కొడుక్కీ, ఇటు కూతురి మీదుగా మనవడికీ చేరవచ్చు. మన ఇళ్లలో ‘మేనమామ పోలిక’ అంటారు కదా, ముక్కూ మొహం సంగతెలా ఉన్నా ఇక్కడ ఆ మాటకి జీవశాస్త్రం సాక్ష్యం ఇస్తుంది.

మేనరికాల్లో లెక్క ఇంకాస్త మారుతుంది. మేనమామకి వర్ణాంధత ఉంటే ఆయన కూతురు తప్పనిసరిగా వాహకురాలు, అంటే ఆ ఎక్స్‌ను మోసే మనిషి. ఆమెను అదే లోపమున్న మేనత్త కొడుక్కిస్తే, పుట్టే ఆడపిల్లల్లోనూ ఒక్కొక్కరికీ సగం అవకాశం ఉంటుంది. మామూలుగా ఆడవాళ్లలో ఇది అరుదు: ఉత్తర యూరప్ సంతతి మగవాళ్లలో నూటికి 8 మందికి ఉంటే, ఆడవాళ్లలో సుమారు రెండువందల్లో ఒకరికి.

పరమాణు సిద్ధాంతం చెప్పిన జాన్ డాల్టన్‌కూ, ఆయన సోదరుడికీ ఈ లోపం ఉండేది. తన కంట్లో నీలి ద్రవం ఉందేమోనని డాల్టన్ అనుమానం. తాను పోయాక కళ్లు పరీక్షించమన్నాడు. 1844లో చూస్తే ద్రవం తేటగానే ఉంది. దాచిన కంటి ముక్కలోని డీఎన్ఏను 1995లో పరీక్షిస్తే తేలింది, లేనిది ఆకుపచ్చ వర్ణక జన్యువని.

మన దేశంలో 2020 నుంచి స్వల్ప, మధ్యస్థ వర్ణాంధత ఉన్నవాళ్లకు డ్రైవింగ్ లైసెన్స్ ఇవ్వొచ్చు, తీవ్రంగా ఉంటే కుదరదు. 2014లో ఆర్టీసీలో చేరిన ఒక తెలుగు డ్రైవరుకు ఆ తర్వాతి వైద్య పరీక్షలో వర్ణాంధత బయటపడి ఉద్యోగం పోయింది. ఆయన కేసు ఢిల్లీ దాకా వెళ్లింది. స్టీరింగ్ ఇవ్వలేకపోతే వేరే పనైనా వెతికి చూపించాల్సిందని 2025 ఆగస్టు 1న సుప్రీంకోర్టు తెలంగాణ ఆర్టీసీకి చెప్పింది. తగిన ఉద్యోగం ఇవ్వమంది, పోయిన జీతంలో 25 శాతం కూడా.