వంటచెఱకు – పొగగొట్టము

బందరు, గుడివాడ, దివిసీమ ప్రాంతములందు ఇల్లు కాచుకొనవలసినంత చలి లేదు. అయినను ధనుర్మాసపు వేకువను నీళ్లకాగు క్రింద కట్టెలపొయ్యి వెలిగించు ఇండ్లు పల్లెలలో నేటికిని గలవు. ఆ పొయ్యి రైతునకు మేలు చేయవలెనన్న రెండు సంగతులు ముఖ్యము.

మొదటిది, కట్టె యెండుట. పచ్చికట్టె బరువులో సగమునకు దాపుగ నీరే యుండును. ఆ నీరు ఆవిరియగువఱకు మంటలోని వేడి వ్యర్థమగును; పొగయు హెచ్చును. కావున సరుగుడు, తుమ్మ మొద్దులను వేసవిలోనే చీల్చి, నేలకు జానెడెత్తున గాలి యాడునట్లు పేర్చి, కార్తీకపు తుపానులకు ముందే పైకప్పు వేయవలెను.

రెండవది, పొగకు దారి. హైదరాబాదు ఇంజనీరు డాక్టరు ఎస్.పి. రాజుగారు 1953లో ప్రకటించిన గ్రంథమున పొగలేని పొయ్యిని వివరించిరి. పొగగొట్టము చూరుకంటె ఎత్తుగ నుండవలెను. తాటాకు కప్పునకు తగులరాదు. నెలకొకమాఱు మసి దులుపవలెను. మసి పేరుకొన్న గొట్టము పొగను మరల ఇంటిలోనికే త్రోయును. అందువలన ముందుగ చెడునవి ఇల్లాండ్ర కన్నులును ఊపిరితిత్తులును.

కట్టె తడిసిననాడు చేయి పిడకల గూటికి పోవును. పొయ్యిలో కాలిన పేడలోని నత్రజని పొగతో పోయి, బూడిద మాత్రమే మిగులును. ఎండుకట్టె యున్న యింట ఆ పేడ పెంటకుప్పకును, అందుండి చేనికిని చేరును. కట్టెలను చక్కగ పేర్చుకొనుట కూడ వ్యవసాయములోని పనియే.