వాడి మనసులో మాట ఎవరికి చెబుతాడు?

పదో తరగతి చదివే కూతురు స్నేహితురాలితో ఫోన్లో గంటసేపు గుసగుసలాడితే 'ఏమిటే ఆ తెగని కబుర్లు?' అని విసుక్కుంటాం. ఇంటర్ చదివే కొడుకు రాత్రి ఎనిమిదింటికి 'ఫ్రెండ్స్ దగ్గరికెళ్తున్నా' అని చెప్పులేసుకుంటే 'త్వరగా వచ్చెయ్ నాన్నా' అంటాం, అంతే. అదే అమ్మాయి స్నేహితురాలింటికి వెళ్లాలంటే? ఎవరా పిల్ల, వాళ్ల నాన్నేం చేస్తాడు, ఇంట్లో అన్నలున్నారా... ఇన్ని ప్రశ్నలు. ('వాళ్లేమిట్లు?' అన్న ప్రశ్న కూడా ఉంటుంది, పైకి ఒప్పుకోం గానీ!) ఆడపిల్లలు జట్టుగా వీధిలో ఆడుకోవడానికి అట్లతద్ది ఉందిగా అంటారేమో. అది ఏడాదికి ఒక్కనాడు, అదీ తెల్లవారకముందు.

అలా ఆడపిల్లకు స్నేహమంటే ఒకరిద్దరితో పంచుకునే గుట్టు అయింది. మగపిల్లాడికి క్రికెట్టూ, బైకూ, పదిమంది గుంపూ. మరి మనసులో మాట చెప్పుకోవడానికి వాడికొకడు అక్కర్లేదా?

కావాలంటారు న్యూయార్క్ యూనివర్సిటీలో సైకాలజీ ప్రొఫెసర్ నియోబీ వే. అమెరికాలో మగపిల్లలతో ఏళ్ల తరబడి మాట్లాడి 2011లో 'డీప్ సీక్రెట్స్' అనే పుస్తకం రాశారామె. 13, 14 ఏళ్లప్పుడు ఆ పిల్లలు ప్రాణస్నేహితుడి గురించి ఎంత ప్రేమగా చెప్పారో! వాడు లేకపోతే పిచ్చెక్కుతుందన్నవాళ్లూ ఉన్నారు. 16, 17 ఏళ్లు వచ్చేసరికి వాళ్లలో చాలామంది ఎవర్నీ నమ్మలేమనడం మొదలుపెట్టారు. అవసరం తీరిపోయి కాదు. మనసు విప్పితే ఆడంగివాడంటారనీ, ఇద్దరబ్బాయిలు మరీ దగ్గరైతే ఇంకేదో అనుకుంటారనీ భయం.

మన ఊళ్లలో ఆ రెండో భయం కాస్త తక్కువే. భుజాల మీద చేతులేసుకుని నడిచే కుర్రాళ్లను ఎవరూ వింతగా చూడరు. చేతులేసుకోవచ్చు గానీ కన్నీళ్లు మాత్రం పెట్టుకోకూడదు! 'ఆడపిల్లలా ఏడుస్తావేంట్రా?' అని మూడేళ్లప్పుడే మొదలుపెట్టేది మనమేగా.

తెలిసినావిడ ఒకరు చెప్పారు. వాళ్లబ్బాయిని ఇంటర్‌కి హాస్టల్లో వేశారు. చిన్నప్పటి నేస్తం వేరే ఊరి కాలేజీలో చేరాడు. ఆదివారం ఫోన్లో 'బాగానే ఉన్నా' తప్ప వీడి నోట మాట రాదు. ఒకసారి మాత్రం 'అమ్మా, వాడెలా ఉన్నాడో కనుక్కోవా?' అన్నాడట. ఆవిడ ఆ పిల్లాడి తల్లికి ఫోన్ చేసి, సంక్రాంతి సెలవులకు వాణ్నీ తమ ఇంటికి రప్పించారు. రాత్రి రెండింటిదాకా ఇద్దరూ డాబా మీదే ఉన్నారు. తెల్లారి కొడుకు కళ్లు ఉబ్బి ఉన్నాయి. ఏమైందని ఆవిడ అడగలేదు. ఇద్దరికీ పెసరట్లు వేసి పెట్టారు.