పీహెచ్‌డీ తర్వాత కొలతల శాస్త్రంలో దారులేవి?

2019 మే 20న కిలోగ్రాము నిర్వచనం మారింది. అంతవరకూ పారిస్ సమీపంలో భద్రపరిచిన ప్లాటినం-ఇరిడియం దిమ్మే దానికి ప్రమాణం. ఇప్పుడు ఆ స్థానం ప్లాంక్ స్థిరాంకానిది. కిరాణా కొట్టు కాటా నుంచి ఉపగ్రహంలోని గడియారం వరకూ ప్రతి కొలతకూ ఆధారం చూపే శాస్త్రం మెట్రాలజీ. భౌతికశాస్త్రంలో పీహెచ్‌డీ చేసినవారికి విశ్వవిద్యాలయాల వెలుపల ఉన్న మంచి దారుల్లో ఇదొకటి.

పోస్ట్‌డాక్ అంటే పీహెచ్‌డీకీ, శాశ్వత ఉద్యోగానికీ మధ్య సాగే తాత్కాలిక పరిశోధన. సొంతంగా సమస్యను ఎంచుకొని తేల్చగలమని నిరూపించుకోవాల్సిన సమయమిది. 2001లో నోబెల్ పంచుకున్న ఎరిక్ కార్నెల్, కొలరాడోలో కార్ల్ వీమన్ బృందంలో చేరింది పోస్ట్‌డాక్‌గానే. 1995లో వారు రుబీడియం పరమాణువులతో బోస్-ఐన్‌స్టీన్ ఘనీభవనాన్ని సాధించారు.

మన దేశంలో ఈ రంగానికి కేంద్రం ఢిల్లీలోని నేషనల్ ఫిజికల్ లేబొరేటరీ. భారత ప్రామాణిక సమయాన్ని పరమాణు గడియారాలతో నిర్ణయించేది ఇక్కడే. పరిశోధన ప్రాజెక్టుల్లో రీసెర్చ్ అసోసియేట్లకు 2023 జనవరి నుంచి అమల్లోకి వచ్చిన రేట్ల ప్రకారం స్థాయిని బట్టి నెలకు రూ.58,000, రూ.61,000, రూ.67,000 ఇస్తారు. ఇంటి అద్దె భత్యం అదనం. సొంత ప్రతిపాదనతో వెళ్లాలనుకుంటే రెండేళ్ల నేషనల్ పోస్ట్‌డాక్టోరల్ ఫెలోషిప్ ఉంది. గతంలో సెర్బ్ నడిపిన ఈ పథకం ఇప్పుడు అనుసంధాన్ నేషనల్ రీసెర్చ్ ఫౌండేషన్ చేతిలో ఉంది. దీన్ని హైదరాబాద్‌లోని టీఐఎఫ్ఆర్ వంటి సంస్థల్లోనూ చేయవచ్చు.

విదేశాల విషయంలో ముందు చూడాల్సింది జీతం కాదు, అర్హత. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్‌లో పేరున్న నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్ అసోసియేట్‌షిప్ ఆ దేశ పౌరులకే పరిమితం. మనవాళ్లు అక్కడ అడుగుపెట్టాలంటే అతిథి పరిశోధకులుగానో, భాగస్వామ్య విశ్వవిద్యాలయాల ద్వారానో ప్రయత్నించాలి. జర్మనీ హంబోల్ట్, ఐరోపా మేరీ క్యూరీ, జపాన్ జేఎస్‌పీఎస్ ఫెలోషిప్‌లకు భారతీయులూ అర్హులే. జర్మనీలోని పీటీబీ, జపాన్‌లోని ఎన్ఎంఐజే కిలోగ్రాము పునర్నిర్వచనానికి తోడ్పడిన ప్రయోగశాలలే.

అయితే ఈ తలుపులు ఎల్లకాలం తెరిచి ఉండవు. పీహెచ్‌డీ పూర్తయ్యాక హంబోల్ట్‌కు నాలుగేళ్లు, జేఎస్‌పీఎస్‌కు ఆరేళ్లు, మేరీ క్యూరీకి ఎనిమిదేళ్లు గడువు. ఆతిథ్యమిచ్చే శాస్త్రవేత్త అంగీకారం లేకుండా దరఖాస్తు ముందుకు సాగదు. ఆ అంగీకారం కుదరడానికే నెలలు పడుతుంది. పట్టా చేతికొచ్చాక చూద్దామనుకుంటే గడువులోంచి ఏడాది కరిగిపోతుంది. థీసిస్ చివరి ఏడాదిలోనే లేఖలు మొదలుపెట్టాలి. ఆ లేఖలో మార్కుల జాబితా కన్నా ముఖ్యమైనది ఒకటుంది: ఏ పరికరాన్ని స్వయంగా నడిపారు, ఫలితంలోని అనిశ్చితిని ఎలా లెక్కగట్టారు? కొలతల శాస్త్రంలో అభ్యర్థిని అంచనా వేసేది ఆ జవాబుతోనే.