గదిలో 3 మీటర్లు, తెరపై 190 మీటర్లు

నా దగ్గర పదో తరగతి చదివిన కుర్రాడొకడు ఇప్పుడు అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో ఉద్యోగం చేస్తున్నాడు. ఇద్దరు పిల్లల తండ్రి. కిందటి చలికాలంలో అతని నుంచి ఒక ఉత్తరం వచ్చింది.

"మాస్టారూ! ఇక్కడ చలికాలమంతా మంచు. గోల్ఫు ఆడటానికి వీలుండదు. అందుకని కారు పెట్టుకునే గరాజులోనే గోల్ఫు సిమ్యులేటరు అమర్చుకున్నాను. బంతి వెనక పెట్టే రాడారు పరికరం కొన్నాను. తెర కోసం మందపాటి గుడ్డ తెచ్చి డోలు చర్మంలా బిగించి కట్టాను. మొదటి రోజే బంతి తెరకు తగిలి వెనక్కి వచ్చి మా చిన్నవాడి చెవి పక్కనుంచి దూసుకుపోయింది. దేవుడి దయవల్ల ఏమీ కాలేదు. ఇక రాడారు సంగతి. ఒకే రకంగా కొట్టిన రెండు దెబ్బలకు రెండు వేరు వేరు దూరాలు చూపిస్తోంది. లోపం ఎక్కడుంది మాస్టారూ? దీన్ని మార్చి ఇంకా ఖరీదైనది కొనమంటారా?"

ఉత్తరం చదవగానే నా గుండె ఝల్లుమంది. గోల్ఫు కర్ర నేనెన్నడూ పట్టలేదు. కాని అతని ప్రశ్నలకు జవాబులు నేను చెప్పిన పాఠాల్లోనే ఉన్నాయి. మీ పాఠ్యపుస్తకాల్లో కూడా ఉన్నాయి. అవేమిటో చూద్దాం.

సిమ్యులేటరు ఏం చేస్తుంది?

గట్టి బంతిని పొడవాటి కర్రతో కొట్టి, దూరాన ఉన్న చిన్న గుంటలో పడేలా చేయడమే గోల్ఫు ఆట. నియమాల ప్రకారం బంతి వ్యాసం 42.67 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. ద్రవ్యరాశి 45.93 గ్రాములకు మించకూడదు. అంటే నిమ్మకాయంత బంతి. ఒక మోస్తరు ఆటగాడు పెద్ద కర్రతో కొడితే అది సెకనుకు 60 మీటర్ల వేగంతో, అంటే గంటకు 216 కిలోమీటర్ల వేగంతో బయలుదేరుతుంది. మైదానంలో అయితే సుమారు 190 మీటర్ల దూరాన నేలను తాకుతుంది.

గరాజులో అంత చోటు ఎక్కడిది? బంతికి 3 మీటర్ల దూరంలో తెర ఉంటుంది. బంతి ఆ తెరను చేరడానికి పట్టే కాలం సెకనులో 20వ వంతు. అక్కడితో దాని ప్రయాణం ముగిసింది. కాని తెర మీద బొమ్మ బంతి ఇంకా ఎగురుతూనే ఉంటుంది. పచ్చిక మీద పడుతుంది, దొర్లుతుంది, ఆగుతుంది.

ఆ మిగిలిన 187 మీటర్లు ఎవరు చూశారు? ఎవరూ చూడలేదు. లెక్క కట్టారు. ఇదే అసలు సంగతి. సిమ్యులేటరు కొన్నింటిని కొలుస్తుంది, మిగిలినవాటిని లెక్కిస్తుంది. పరికరాన్ని ఎంచుకునేటప్పుడు అడగవలసిన మొదటి ప్రశ్న కూడా ఇదే: "ఇది దేన్ని కొలుస్తుంది? దేన్ని ఊహిస్తుంది?"

కొలవవలసినవి ముఖ్యంగా నాలుగు. బంతి వేగం, అది పైకి లేచిన కోణం, పక్కకు తిరిగిన కోణం, భ్రమణం. వీటిలో చిన్న తప్పు దొర్లినా దూరం వెళ్ళేకొద్దీ అది పెద్దదవుతుంది. పక్క కోణంలో ఒక్క డిగ్రీ తేడా వస్తే 190 మీటర్ల దగ్గర బంతి 3 మీటర్లకు పైగా పక్కకు పడుతుంది.

గాలి అడ్డమా, సాయమా?

ఇక్కడ మీకొక చిన్న లెక్క. సెకనుకు 60 మీటర్ల వేగంతో, 12 డిగ్రీల కోణంలో విసిరిన ప్రక్షేపకం ఎంత దూరం వెళ్తుంది? గాలి లేదనుకుని, మీకు తెలిసిన సూత్రంతో చేసి చూడండి. సుమారు 149 మీటర్లు వస్తుంది.

గాలి అడ్డుకుంటుంది కనుక అసలు దూరం ఇంకా తగ్గాలి కదా! కాని బంతి 190 మీటర్లు వెళ్తోంది. వింతగా లేదూ?

ఈ వింత మీద స్కాట్లండులోని ఎడింబరో విశ్వవిద్యాలయ ఆచార్యుడు పీటర్ గత్రీ టెయిట్ 1890 ప్రాంతంలో పరిశోధనలు చేశాడు. ఆయన కొడుకు ఫ్రెడ్డీ టెయిట్ 1896లోను, 1898లోను బ్రిటిష్ అమెచ్యూర్ పోటీ గెలిచిన గోల్ఫు ఆటగాడు. తండ్రి కనుగొన్న రహస్యం భ్రమణం. కర్ర ముఖం కొంచెం ఏటవాలుగా ఉండటం వల్ల దెబ్బ తిన్న బంతి వెనక్కి గిరగిర తిరుగుతూ ముందుకు పోతుంది. అలా తిరిగే బంతి తనను దాటి పోయే గాలిని కిందికి మళ్ళిస్తుంది. న్యూటన్ మూడవ నియమం ప్రకారం గాలి బంతిని పైకి నెడుతుంది. తిరిగే వస్తువుల మీద గాలి చూపే ఈ ప్రభావాన్ని జర్మన్ శాస్త్రజ్ఞుడు మాగ్నస్ 1852లో ప్రయోగాలు చేసి చూపాడు. అందుకే దానిని మాగ్నస్ ఫలితం అంటారు. బంతి మీద ఉండే చిన్న చిన్న గుంటలు గాలి నిరోధాన్ని బాగా తగ్గించి ఇందుకు తోడ్పడతాయి.

దీనివల్ల తేలిందేమిటి? భ్రమణం తెలియకుండా దూరం చెప్పడం కుదరదు. భ్రమణాన్ని కొలవకుండా ఊహించే పరికరం దూరాన్ని కూడా ఊహించే చెబుతుంది.

రెండు రకాల కళ్ళు

కొలిచే పరికరాలు ప్రధానంగా రెండు రకాలు. ఒకటి రాడారు, రెండవది కెమెరా. రెండూ కలిపి వాడే పరికరాలు కూడా ఉన్నాయి.

రాడారు పరికరాన్ని బంతి వెనక పెడతారు. అది రేడియో తరంగాలను పంపి, బంతికి తగిలి తిరిగి వచ్చినవాటిని అందుకుంటుంది. దూరమవుతున్న రైలు కూత మనకు బొంగురుగా వినిపిస్తుంది కదా! అలాగే, దూరమవుతున్న బంతి నుంచి వచ్చే తరంగాల పౌనఃపున్యం కూడా తగ్గుతుంది. ఇదే డాప్లర్ ఫలితం. 1842లో ఆస్ట్రియా శాస్త్రజ్ఞుడు డాప్లర్ దీనిని వివరించాడు. 24 గిగాహెర్ట్జ్ తరంగాలు వాడే రాడారులో, సెకనుకు 60 మీటర్ల వేగం గల బంతి తెచ్చే తేడా 9,600 హెర్ట్జ్. ఆ తేడా నుంచి వేగం తెలుస్తుంది.

బయటి మైదానంలో బంతి ఎగిరినంత దూరమూ వెంటాడి చూడగలగడం రాడారు గొప్పతనం. డెన్మార్కులో 2003లో స్థాపించిన ట్రాక్‌మ్యాన్ సంస్థ ఈ పద్ధతితోనే పేరు పొందింది. కాని గదిలో రాడారుకు ఒక ఇబ్బంది ఉంది. బంతి నిమిషానికి 2,700 సార్లు తిరుగుతోందనుకోండి. అంటే సెకనుకు 45 సార్లు. తెర చేరడానికి సెకనులో 20వ వంతే పడుతుంది కనుక, ఆ లోగా బంతి తిరిగేది రెండుంపావు చుట్లు మాత్రమే! అంత తక్కువలో భ్రమణాన్ని పట్టుకోవడం కష్టం. అందుకే కొన్ని పరికరాల తయారీదారులు బంతి మీద చిన్న లోహపు చుక్క అంటించమంటారు. ఆ చుక్క తరంగాలను బాగా పరావర్తనం చేసి సాయపడుతుంది. సామాన్యంగా ఇలాంటి పరికరానికి బంతి వెనక రెండు, రెండున్నర మీటర్లు, బంతి ముందు కనీసం రెండున్నర మీటర్లు కావాలి.

కెమెరా పద్ధతి వేరు. పరికరం బంతి పక్కన నేల మీద గాని, పైకప్పుకు గాని ఉంటుంది. కంటికి కనిపించని పరారుణ కాంతిని మెరిపించి, బంతి కదిలిన మొదటి క్షణాల్లో వెంటవెంటనే ఫోటోలు తీస్తుంది. రెండు ఫోటోల మధ్య కాలం సెకనులో వెయ్యోవంతు అనుకుందాం. ఆ లోగా మన బంతి 6 సెంటీమీటర్లు కదులుతుంది, 16 డిగ్రీలు తిరుగుతుంది. బంతి మీది గుర్తులు ఎంత జరిగాయో చూస్తే భ్రమణం తెలిసిపోతుంది. ఫోర్‌సైట్ సంస్థ చేసే జీసీక్వాడ్ అనే పరికరంలో ఇందుకోసం నాలుగు కెమెరాలున్నాయి.

కెమెరాకు బంతి కొద్దిపాటి దూరం కదిలితే చాలు. కనుక పొట్టి గదికి ఇది నయం. కాని ఎండ నేరుగా పడే చోట ఇబ్బంది పడుతుంది. పక్కన పెట్టే రకమైతే, కుడిచేతి ఆటగాడి తరువాత ఎడమచేతి ఆటగాడు వచ్చినప్పుడు రెండో వైపుకు మార్చవలసి వస్తుంది. ఏ రకమైనా ధరలు కొన్ని వందల డాలర్ల నుంచి వేల డాలర్ల దాకా ఉంటాయి. అందుకే తెలియకుండా కొంటే చాలా డబ్బు వృథా అవుతుంది.

బంతిని ఆపడం ఎలా?

ఇక ఆ చిన్నవాడి చెవి సంగతి. 46 గ్రాముల బంతి సెకనుకు 60 మీటర్ల వేగంతో వెళ్తుంటే దాని గతిజశక్తి 83 జౌళ్లు. గంటకు 116 కిలోమీటర్ల వేగంతో వచ్చే క్రికెట్ బంతికి ఉండే శక్తి ఇంచుమించు అంతే. కంటికి తగిలితే ఏమవుతుందో చెప్పనక్కరలేదు.

క్రికెట్‌లో క్యాచ్ పట్టేటప్పుడు చేతులు వెనక్కి లాగుతారెందుకు? బంతి ఆగే కాలాన్ని పెంచితే బలం తగ్గుతుంది. మన గోల్ఫు బంతి సెకనులో వెయ్యోవంతులో ఆగితే సగటు బలం 2,750 న్యూటన్లు. వందోవంతులో ఆగితే 275 న్యూటన్లే. కాని అందుకు తెర సుమారు 30 సెంటీమీటర్లు వెనక్కి జరగాలి. వెనక గోడ దగ్గరగా ఉంటే ఎలా జరుగుతుంది? పైగా బిగించి కట్టిన గుడ్డ స్ప్రింగులాంటిది. తీసుకున్న శక్తిలో చాలా భాగం బంతికే తిరిగి ఇచ్చేస్తుంది. వదులుగా వేలాడే మందపు తెర అయితే ఆ శక్తిని తన మడతల్లోనే ఖర్చు చేసేస్తుంది.

కనుక తెర ఇందుకోసమే నేసిన గట్టి పాలియెస్టరుది కావాలి. కొంచెం వదులుగా వేలాడాలి. వెనక గోడకు 30 నుంచి 40 సెంటీమీటర్ల ఖాళీ ఉండాలి. చట్రపు ఇనుప గొట్టాలకు మెత్తటి తొడుగులుండాలి. ఇనుముకు తగిలిన బంతి ఎటు పోతుందో ఎవరూ చెప్పలేరు. పక్కల కూడా వలలు కట్టాలి.

కాలి కింద చాప కూడా చిన్న విషయం కాదు. సిమెంటు నేల మీద పలచని చాప వేసి రోజూ కొడుతుంటే, కర్ర నేలకు తగిలిన అదురంతా మణికట్టుకు, మోచేతికి వస్తుంది. నెలలు గడిస్తే నొప్పి తప్పదు. డబ్బు ఆదా చేయదలిస్తే బొమ్మ చూపే ప్రొజెక్టరులో చేయవచ్చు గాని, తెరలోను చాపలోను చేయకూడదు.

ప్రొజెక్టరు కొనేటప్పుడు కూడా ఒక లెక్క ఉంది. 3 మీటర్ల వెడల్పు బొమ్మకు ఒక రకం ప్రొజెక్టరు నాలుగున్నర మీటర్ల దూరం అడుగుతుంది. అప్పుడది ఆటగాడి వెనక ఉంటుంది, అతని నీడ తెర మీద పడుతుంది. దగ్గర నుంచే పెద్ద బొమ్మ వేసే రకానికి ఒకటిన్నర మీటర్లు చాలు. దానిని ఆటగాడికి ముందు, పైకప్పుకు బిగించవచ్చు.

మొదట కొనవలసిన పరికరం

నా శిష్యుడికి నేను రాసిన జవాబు చిన్నది. "నాయనా! ముందు కొలత టేపు తీసి గది పొడవు, వెడల్పు, ఎత్తు కొలిచి రాయి. అంతవరకు ఇంకొక్క డాలరు కూడా ఖర్చు పెట్టకు."

వారం తరువాత కొలతలు వచ్చాయి. గరాజు పొడవు 6 మీటర్లే గాని, వెనక గోడ వెంట బీరువాలుండటం వల్ల మిగిలింది 4 మీటర్లు. అంత ఇరుకులో రాడారును బంతికి అతి దగ్గరగా పెట్టాడు. అది సరిగ్గా చూడలేకపోయింది. లోపం రాడారుది కాదు, చోటుది! పైకప్పు ఎత్తు 2.6 మీటర్లు. పెద్ద కర్ర పొడవే 1.14 మీటర్లు ఉంటుంది కనుక, ఆటగాడు దానిని ఎత్తి ఊపడానికి 3 మీటర్లు ఉంటే మంచిది.

కొత్త పరికరమేమీ కొననక్కర లేకపోయింది. బీరువాలు పక్క గోడకు జరిపాడు. తెరను వదులు చేసి, గోడకు ఎడంగా వేలాడదీశాడు. గరాజులో పొట్టి కర్రలతోనే ఆడుతున్నాడు. పిల్లలు ఎక్కడ కూర్చోవాలో గీత గీసి, దాని ముందు వల కట్టాడు. ఇప్పుడు దూరాలు నిలకడగా చూపిస్తోందట.

మీరూ చేసి చూడండి

గోడ మీద సుద్దముక్కతో ఒక మీటరు దూరంలో రెండు నిలువు గీతలు గీయండి. గోడ వెంబడి ఒకరు టెన్నిసు బంతి విసరండి. మరొకరు ఎదురుగా, బాగా వెనక్కి నిలబడి, సెకనుకు 240 చిత్రాలు తీసే సెల్‌ఫోన్‌తో వీడియో తీయండి. ఒక గీత నుంచి రెండో గీతకు బంతి వెళ్ళేలోగా ఎన్ని చిత్రాలు వచ్చాయో లెక్కించండి. 20 వస్తే బంతి వేగం సెకనుకు 12 మీటర్లు. బంతి మీద సిరాతో ఒక గీత గీస్తే అది ఎంత తిరిగిందో కూడా తెలుస్తుంది.

వేల డాలర్ల కెమెరా పరికరం చేసే పని కూడా ఇదే. అది ఇంకా త్వరగా, ఇంకా సూక్ష్మంగా చేస్తుంది, అంతే తేడా. విసిరేటప్పుడు మాత్రం బంతి దారిలో ఎవరూ నిలబడకుండా చూసుకోండి.